గడియారంలా కొట్టుకునే గుండె మంచిదేనా?

నాడి పట్టి చూసినప్పుడు అది గడియారంలా సమంగా కొట్టుకుంటే మనకు ధైర్యం కలుగుతుంది. కానీ ఆరోగ్యవంతుని గుండె అంత ఖచ్చితంగా కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కొంత వేగంగా, విడిచినప్పుడు కొంత నెమ్మదిగా నడుస్తుంది. 1847లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ తన కైమోగ్రాఫ్ యంత్రంతో ఈ తేడాను గీతలుగా నమోదు చేశాడు. స్పందనల మధ్య వ్యవధిలోని ఈ హెచ్చుతగ్గులనే హృదయ స్పందన వైవిధ్యం అంటారు.

చాలాకాలం వైద్యులు దీనిని పెద్దగా పట్టించుకోలేదు. 1963లో హాన్, లీ అనే వైద్యులు, గర్భస్థ శిశువుకు ఆపద కలిగినప్పుడు గుండె వేగం మారకముందే ఈ వైవిధ్యం మారుతుందని గుర్తించారు. 1987లో క్లైగర్ బృందం, గుండెపోటు తరువాత ఈ వైవిధ్యం బాగా తగ్గినవారికి మరణ ప్రమాదం అధికమని చూపింది. కొలిచే పద్ధతులకు 1996లో అంతర్జాతీయ ప్రమాణాలు ఏర్పడ్డాయి.

డయాలసిస్ చరిత్ర మరొక దారిలో నడిచింది. 1943లో జర్మన్ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ కృత్రిమ మూత్రపిండాన్ని రోగులకు వాడాడు. 1960లో సియాటిల్‌లో స్క్రిబ్నర్ రూపొందించిన షంట్ వలన అది పదేపదే చేయదగిన చికిత్స అయింది. మన అనంతపురానికి అది సామాన్యులకు అందుబాటులోకి రావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో మనదీ ఒకటి.

ఈ రెండు దారులూ కలిసేది రోగి మంచం దగ్గరే. మూత్రపిండాలు చెడినప్పుడు రక్తంలో నిలిచే మలినాలు, వాటికి తోడు మధుమేహం, గుండెను నియంత్రించే నరాలను దెబ్బతీస్తాయి. అందుకే డయాలసిస్ రోగులలో వైవిధ్యం తక్కువగా ఉంటుంది. యంత్రం నీటిని తీసేటప్పుడు ఆ నరాలు త్వరగా స్పందించకపోతే రక్తపోటు పడిపోతుంది. ఈ రోగులలో ఆకస్మిక గుండె మరణాలు ఎక్కువ కావడానికీ ఇది ఒక కారణం. మూత్రపిండ మార్పిడి తరువాత వైవిధ్యం చాలామందిలో కొంతమేరకు తిరిగి పెరుగుతుంది.

మన కరవు సీమలో ఎండ మండుతుంది, దాహం ఆగదు. పచ్చడి, ఊరగాయలలోని ఉప్పు ఆ దాహాన్ని మరింత పెంచుతుంది. డయాలసిస్‌ల మధ్య ఒంట్లో నీరెంత చేరితే, తరువాతి సారి అంత ఎక్కువ తీయాలి. బలహీనపడిన నరాలకు అది పెనుభారం. కనుక ముందుగా ఉప్పు తగ్గించండి. బస్సు దొరకలేదనో, కూలి పోతుందనో ఒక్క విడతను కూడా మానకండి. విడతల మధ్య ఎడం పెరిగిన కొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది.

చేతి గడియారాలు చూపే అంకెలతో భయపడవద్దు. లయ తప్పిన గుండెలో, కొన్ని మందులు వాడుతున్నప్పుడు ఆ లెక్కలు తప్పుదారి పట్టిస్తాయి. తల తిరిగినా, గుండె దడ పుట్టినా మాత్రం దాచకుండా వెంటనే వైద్యునికి చెప్పండి.