బ్రౌను టీకలు, ఫోన్లో బైబిలు

బైబిల్ సాఫ్ట్‌వేర్లలో నన్ను ఎప్పట్నుంచో ఇబ్బంది పెడుతున్న విషయం ఒకటుంది. వాక్యం మీద వేలు పెడితే కింద ఒక పెట్టె తెరుచుకుని నోట్సు కనిపిస్తుంది. ఆ నోట్సు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏ అనువాదాన్ని ముందు పెట్టుకుని రాశారు - ఇవేవీ చాలా చోట్ల కనపడవు. ఏముందిలే, వివరణే కదా అనుకోవచ్చు. కానీ ఈ చిన్న పెట్టె వెనక నాలుగు వందల ఏళ్ళు దాటిన కొట్లాట ఉంది. దానికి సరైన మందు మాత్రం మా కడపలో, ఒక దొర బంగళాలో పని చేసిన పండితుల దగ్గర ఉండింది. అదెట్లాగో చెప్తాను.

ముందు కొట్లాట సంగతి. 1560లో జెనీవా బైబిలు అని ఇంగ్లీషులో ఒకటొచ్చింది. వాక్యాలకి నంబర్లు వేసి అచ్చేసిన మొదటి పూర్తి ఇంగ్లీషు బైబిలు అదే. మార్జిన్ల నిండా నోట్సు. జనానికి తెగ నచ్చింది, రాజుకి నచ్చలేదు. నిర్గమకాండం మొదటి అధ్యాయంలో మంత్రసానులు ఫరో మాట వినకుండా మగపిల్లల్ని బతకనిస్తారు కదా, వాళ్ళు రాజాజ్ఞ మీరడం న్యాయమేనని అక్కడ ఒక నోటు ఉంది. ఏ రాజుకైనా ఒళ్ళు మండుతుంది. 1604లో జేమ్స్ రాజు కొత్త అనువాదానికి ఒప్పుకుంటూ, ఇలాంటి నోట్సు వద్దని షరతు పెట్టాడు. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిలు అందుకే దాదాపు బోడి మార్జిన్లతో వచ్చింది. భాషకి, పాఠానికి సంబంధించిన చిన్న చిన్న గమనికలు తప్ప వ్యాఖ్యానం లేదు.

రెండు వందల ఏళ్ళ తర్వాత, 1804లో, లండన్లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ పుట్టింది. వాళ్ళూ అదే నియమం పెట్టుకున్నారు: నోటూ వ్యాఖ్యా లేకుండా మూలం మాత్రమే పంచాలి. ఈసారి కారణం వేరు. సొసైటీలో అన్ని రకాల సంఘాల వాళ్ళూ ఉన్నారు. మూలం దగ్గర అందరికీ రాజీ కుదురుతుంది, నోట్సు దగ్గర కుదరదు. బాప్తిస్మం గురించి ఒక్క నోటు రాసి చూడండి, సగం మంది లేచి వెళ్ళిపోతారు.

ఈ నియమం మన దాకా వచ్చింది. తెలుగులో బైబిలు పని చాలా పాతది. షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1720ల చివర్లో మొదలుపెట్టి చేసిన అనువాదం అచ్చు కాలేదు. విశాఖపట్నంలో డెగ్రాంజెస్, క్రాన్ అనే లండన్ మిషన్ వాళ్ళు ఆనందరాయరు సాయంతో చేసిన సువార్తలు 1812లో సీరాంపూర్లో అచ్చయ్యాయి. 1818 నాటికి కొత్త నిబంధన వచ్చింది. మన రాయలసీమలో చూస్తే కడపలో లండన్ మిషన్, నంద్యాల-ముత్యాలపాడు వైపు ఆంగ్లికన్లు, కర్నూల్లో అమెరికన్ బాప్టిస్టులు. వీళ్ళలో వీళ్ళకి సిద్ధాంతాల్లో పొసగకపోయినా చేతిలో తెలుగు మూలం ఒక్కటే అయిందంటే, అందులో నోట్సు లేకపోవడం ఒక పెద్ద కారణం.

మరి అర్థం కాని చోట పాఠకుడి గతేంటి? పాదిరి నోటితో చెప్పాలి. అంటే నోట్సు లేకపోలేదు, కాగితం మీద నుంచి నోట్లోకి మారింది, అంతే.

సరిగ్గా ఇదే పరిస్థితి ఆ రోజుల్లో తెలుగు కావ్యాలది కూడా. 1820లో కడప కలెక్టరు కింద ఉద్యోగానికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇక్కడే తెలుగు మొదలుపెట్టాడు. (బ్రౌన్ తండ్రి డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో పాదిరి, ఫోర్ట్ విలియం కాలేజీ ప్రొవోస్టు. అంటే మనవాడు పుట్టిందే గ్రంథాలూ అనువాదాల గాలిలో.) సంస్కృత కావ్యాలకి బోలెడు వ్యాఖ్యానాలుంటే తెలుగు ప్రబంధాలకి అవి లేవని, గురువు నోటితో చెప్తే తప్ప అర్థం తెలిసే దారి లేదని ఆయన గమనించాడు. 1826లో మళ్ళీ కడపకొచ్చాక తోట ఉన్న బంగళా కొని, సొంత జీతంలోంచి పండితుల్ని, లేఖకుల్ని పెట్టుకున్నాడు. జనం దాన్నే బ్రౌన్ కాలేజీ అన్నారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ వ్యవహారమంతా చూసుకునేవాడు. ఒక్కో కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టి పోల్చడం, తేడాలు రాసుకోవడం, శుద్ధప్రతి తయారు చేయడం, టీక రాయించడం - ఇదీ బ్రౌన్ చేయించిన పని. జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో 1844లో వసుచరిత్ర, 1851లో మనుచరిత్ర మద్రాసులో అచ్చయ్యాయి.

ఇప్పుడు ఆ బంగళా ఉన్న చోట సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వల్ల వచ్చింది, యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. కడప వెళ్తే ఒకసారి చూసి రండి.

ఇక సాఫ్ట్‌వేర్ దగ్గరికొద్దాం. 1909లో స్కోఫీల్డ్ అనే అమెరికన్ పాస్టరు నోట్సుతో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వాళ్ళు ఒక బైబిలు వేశారు. 1917లో సవరించారు. ఈ కాలపు స్టడీ బైబిళ్ళకి అదే పెద్ద నమూనా. మూలమూ, ఆయన సిద్ధాంతమూ ఒకే పేజీలో. పైగా మార్జిన్లో అషర్ బిషప్పు లెక్కగట్టిన తేదీలు - సృష్టి జరిగింది క్రీ.పూ. 4004 అని. ఆ సంఖ్య బైబిల్లోనే ఉందనుకునే వాళ్ళు ఎందరో. నిజానికి అది పదిహేడో శతాబ్దపు పండితుడి లెక్క. ఇంగ్లీషు బైబిళ్ళ అంచుల్లోకి 1701 నుంచి ఎక్కింది.

కాగితం మీద కనీసం చిన్న అక్షరాలు, అడ్డగీత, మాట పక్కన గుర్తు ఉండేవి. కంప్యూటర్లోకి వచ్చేసరికి అవి పోయాయి. లోపల ఏముంటుందంటే ఒక టేబులు: పుస్తకం, అధ్యాయం, వాక్యం, నోటు. నాలుగే కాలమ్స్. తెలుగు బైబిలు ఇంకో టేబులు. మొదటి మూడు కాలమ్స్ కలిస్తే రెండూ కలుపు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు.

ఫలితం ఎట్లా ఉంటుందో ఒక ఉదాహరణ. మొదటి యోహాను 5:7. కింగ్ జేమ్స్ బైబిల్లో అక్కడ పరలోకంలో సాక్ష్యమిచ్చే ముగ్గురి గురించి ఒక వాక్యం ఉంది. పాత గ్రీకు ప్రతుల్లో అది లేదు, తర్వాత చేరింది. స్కోఫీల్డ్ దీన్ని దాచలేదు. ఈ వాక్యానికి నిజమైన ప్రమాణం లేదు, మధ్యలో చొప్పించినది అనే అర్థంలో నోటు రాశాడు. బాగుంది. కానీ మన ఇళ్ళలో ఉండే బైబిల్ సొసైటీ వారి తెలుగు పాత అనువాదంలో ఆ వాక్యం అసలు లేదు! అక్కడ ఏడో నంబరు కింద ఉన్నది, ఆత్మే సాక్ష్యమిచ్చేది, ఆత్మ సత్యం అనే మాట. ఇప్పుడు టేబుళ్ళు రెండూ కలపండి. తెలుగు పాఠకుడికి తెర మీద కనిపించేదేంటి? పైన ‘ఆత్మ సత్యం’ అని వాక్యం, కింద ‘దీనికి ప్రమాణం లేదు’ అని నోటు!

ఇందులో స్కోఫీల్డ్ తప్పు లేదు, తెలుగు అనువాదకుల తప్పూ లేదు. నంబరు కలిసింది కాబట్టి మాట కలిసినట్టే అనుకోవడం తప్పు. కీర్తనల్లో ఇంకో తమాషా. హీబ్రూ లెక్కలో కీర్తన పైన ఉండే శీర్షికకి కూడా నంబరుంటుంది. 51వ కీర్తన మనకి 19 వాక్యాలు, హీబ్రూలో 21. హీబ్రూ లెక్క మీద రాసిన నోట్సు తెచ్చి తగిలిస్తే కీర్తన పొడుగునా రెండు మెట్లు జారుతుంది.

ఇక్కడే మన పండితులు గుర్తొస్తారు. వాళ్ళ ముందున్న ప్రతుల్లో పద్యాలు ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ. నంబరు నమ్ముకుంటే మునిగినట్టే. అందుకని మన టీకల్లో మొదట మూలంలోని మాటనే రాసి, పక్కన అర్థం రాస్తారు. సంస్కృత వ్యాఖ్యాతలు ఇలా ఎత్తి చూపిన మూలపదాన్ని ప్రతీక అంటారు. టీకలో ఉన్న పదం మీ చేతిలోని పద్యంలో లేకపోతే, ఇది వేరే పాఠం మీద రాసిన టీక అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. మా భాషలో చెప్పాలంటే, డేటా తనని తానే చెక్ చేసుకుంటోంది. పైగా అప్పయ్య టీక అప్పయ్య పేరుతోనే ఉంది, పద్యంలో కలిసిపోలేదు. స్కూల్లో మనం చదివిన పద్యం, టీక, తాత్పర్యం అనే మూడు గదుల పద్ధతి అంత గట్టిది.

నోట్సే వద్దని నేనట్లేదు. సెమినరీ గడప తొక్కని పల్లెటూరి విశ్వాసికి, ఫోను చూసి ప్రసంగం తయారు చేసుకునే చిన్న పాస్టరుకి అవి పెద్ద ఆసరా. తెలుగులో ‘పవిత్ర గ్రంథం - వ్యాఖ్యాన సహితం’ లాంటిది ఉండటం మేలే. అనువాదమూ వ్యాఖ్యా ఒకే పుస్తకంగా తయారైతే నంబర్ల గొడవ తక్కువ. పేరులోనే వ్యాఖ్యానం ఉందని చెప్పేస్తోంది కూడా. భయమల్లా ఎక్కడివో ఇంగ్లీషు నోట్సుని మెషిన్ చేత తెలుగు చేయించి, ఏదో ఒక తెలుగు బైబిలు కింద అతికించే యాప్‌ల గురించి. ఈ పని ఇప్పుడు ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. చాట్‌బాట్‌ని అడిగితే ఇంకా సులువు, నలుగురి వ్యాఖ్యలు కలిపి ఎవరి పేరూ లేకుండా చెప్పేస్తుంది. ఊళ్ళో ఆదివారం ప్రసంగం దాంట్లోంచే వస్తుంది. వినేవాళ్ళు మాత్రం బైబిలు చెప్పిందనే అనుకుంటారు.

బైబిల్ యాప్‌లు రాసే తెలుగు కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళకి నేను చెప్పేది మూడు కాలమ్స్ పెంచమని. ఒకటి, నోటు రాసినవాడి పేరు, సంవత్సరం. రెండు, ఏ అనువాదం మీద రాశాడో. మూడు, ప్రతీక - ఏ మాట గురించి రాశాడో ఆ మాట. ప్రతీక ఆ వాక్యంలో దొరక్కపోతే నోటు చూపించొద్దు, లేదా ‘ఇది వేరే పాఠానికి రాసినది’ అని పైన ఒక ముక్క వెయ్యండి. వెతికే కోడు పది లైన్లు మించదు. ప్రతీకలు గుర్తించి నింపడానికి మాత్రం మనిషి కూర్చోవాలి, నెలలు పడుతుంది. బ్రౌన్ ఆ కూర్చునే మనుషులకే తన జీతం ఖర్చు పెట్టాడు.