కొలంబోలో రెండు రోజులు: కోట కన్నా పేటే ముందు చూడాలి

హైదరాబాద్ నుంచి కొలంబోకు నేరుగా విమానంలో వెళ్తే రెండు గంటలకు అటూ ఇటూ పడుతుంది. చెన్నై నుంచైతే గంటన్నర కూడా పట్టదు. అయినా శ్రీలంక టూర్ ప్యాకేజీల్లో కొలంబోకు దక్కేది చాలావరకు చివరి రాత్రి ఒక్కటే. కాండీలో దంతధాతు ఆలయం, నువర ఎలియ తేయాకు తోటలు, దారిలో సీత పేరున్న గుడి చూపించాక, విమానం ఎక్కేముందు ఒక మాల్‌లో రెండు గంటలు వదిలేస్తారు. వారం రోజులు సెలవు ఉన్నవాళ్లకు ఇది సరిపోవచ్చు. శుక్రవారం రాత్రి బయల్దేరి సోమవారం ఆఫీసుకు రావాల్సిన వాళ్లకు మాత్రం ఇది దండగ లెక్క. కాండీకి రోడ్డు మీద ఒకవైపే మూడు గంటలకు పైగా పడుతుంది. రానూపోనూ ఒక పగలంతా కిటికీ పక్కనే గడిచిపోతుంది.

అలాంటివాళ్లు కొలంబోలోనే ఉండి, పెట్టా బజారుతో మొదలుపెడితే రెండు రోజుల్లో ఆ దేశం గురించి ఎక్కువ తెలుస్తుంది. అక్కడ సరుకు చౌకగా దొరకడం ఒక్కటే దీనికి కారణం కాదు. ఐదు వందల ఏళ్లుగా ఆ దీవికి ఎవరెవరు వచ్చారో, ఎవరు దేనితో బతికారో, ఎక్కడ కొట్టుకున్నారో ఆ నాలుగు వీధుల్లోనే రాసి ఉంది.

పెట్టా అంటే పేటే

పేరు దగ్గరే తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. పెట్టా అన్నది మన ‘పేట’ మాటే. తమిళ ‘పేట్టై’ ఇంగ్లిషు వాళ్ల నోట అలా మారింది. కోటలో పాలకులు, సైన్యం ఉంటే దాని బయట వర్తకులు, చేతిపనివాళ్లు కట్టుకున్న ఊరు పేట. కోట, పేట అన్న మాటలు పక్కపక్కనే వినిపించే ఊళ్లు తెలుగు నేలపై కొల్లలు. సింహళంలో ఈ ప్రాంతాన్ని పిటకొటువ అంటారు. ‘పిట’ అంటే బయట, ‘కొటువ’ అంటే కోట. తమిళంలో పురక్కోట్టై అన్నా అదే అర్థం. మూడు భాషల్లోనూ ఇది గోడకు అవతల ఉన్నవాళ్ల చోటే.

ఆ కోట ఇప్పుడు లేదు. పోర్చుగీసువారు 1505లో ఈ తీరానికి వచ్చారు. 1656లో డచ్చివారు వాళ్లను వెళ్లగొట్టి, కొలంబోను తమ లంక వ్యాపారానికి కేంద్రం చేసుకున్నారు. 1796లో బ్రిటిష్‌వారు డచ్చివారి స్థానంలోకి వచ్చారు. పంతొమ్మిదో శతాబ్దంలో కోట గోడలు కూల్చేశారు. ‘ఫోర్ట్’ అన్న పేరు మాత్రం బ్యాంకులు, హోటళ్లు ఉన్న ఆ ప్రాంతానికి మిగిలిపోయింది. డచ్చివారి కాలంలో పేటలో ఇళ్లూ, నిలువుగా అడ్డంగా గీత గీసినట్టున్న వీధులూ ఉండేవి. ఆ వీధులే ఈనాటి మొదటి క్రాస్ స్ట్రీట్ నుంచి ఐదో క్రాస్ స్ట్రీట్ దాకా సాగే బజారు. ప్రిన్స్ స్ట్రీట్‌లో లావాటి స్తంభాలతో ఒక పాత డచ్చి భవనం నిలిచి ఉంది. దాని చుట్టూ ఇప్పుడు ప్లాస్టిక్ బకెట్లు, గొడుగులు, చెప్పుల దుకాణాలు. బజారు చివర ‘కేమన్స్ గేట్’ అన్న పాత ద్వారం పేరు, అక్కడ ఒక గంట స్తంభం మిగిలాయి. కేమన్ అంటే మొసలి. కోట కందకంలో ఒకప్పుడు మొసళ్లు ఉండేవని ఆ పేరే చెబుతుంది.

ఏ వీధిలో ఏది

పెట్టాలో దారి తప్పడం తేలిక. కానీ దానికో పద్ధతి ఉంది. మన బేగంబజార్‌లాగే ఒక్కో వీధిది ఒక్కో సరుకు. ఫోర్ట్ వైపు నుంచి వస్తే మొదట ఖాన్ గడియార స్తంభం కనిపిస్తుంది. బొంబాయి నుంచి వచ్చి కొలంబోలో నూనె మిల్లు నడిపిన ఖాన్ అనే పార్సీ కుటుంబం 1923లో దీన్ని తమ తండ్రి జ్ఞాపకార్థం కట్టించింది. అక్కడి నుంచి మొదటి క్రాస్ స్ట్రీట్‌లో కరెంటు సామాను, ఫోన్లు. కీజర్ స్ట్రీట్‌లో తానులకొద్దీ బట్ట. గాబోస్ లేన్ అనే చిన్న సందులో ఆయుర్వేద మూలికలు, వేర్లు, బెరళ్లు. సీ స్ట్రీట్‌లో బంగారం. నాలుగో క్రాస్ స్ట్రీట్ వైపు వెళ్తుంటే ముందుగా ముక్కుకే తెలుస్తుంది. అది ఎండుమిర్చి, ఉల్లి, పప్పు, ఎండుచేపల టోకు వ్యాపారం సాగే చోటు.

ఈ వీధుల్లో నడిచేవాళ్లు నాట్టామిలకు దారి ఇవ్వడం నేర్చుకోవాలి. నాట్టామి అంటే బస్తాలు మోసే, తోపుడు బండి లాగే కూలీ. లారీ పట్టని సందుల్లో సరుకంతా వాళ్ల భుజాల మీదే కదులుతుంది. వెనక నుంచి కేక వినిపిస్తే ఫొటో ఆపి పక్కకు తప్పుకోవాలి. ఆ బండికి బ్రేకులుండవు.

టోకు దుకాణాల ముందు తెరిచి పెట్టిన బస్తాలు చూస్తే శ్రీలంక వంటిల్లు ఎక్కడెక్కడి నుంచి నిండుతుందో తెలుస్తుంది. అక్కడ పెద్ద ఉల్లిపాయను ‘బొంబాయి ఉల్లి’ అంటారు. ఎండుమిర్చిలో పెద్ద వాటా భారత్ నుంచి వస్తుంది, అంటే గుంటూరు యార్డులో ధర పెరిగితే ఇక్కడా తెలుస్తుంది. 2023 డిసెంబరులో భారత్ ఉల్లి ఎగుమతులు నిషేధించినప్పుడు కొలంబోలో ఉల్లి ధర ఒక్కసారిగా ఎగిసింది. మనకు ఎన్నికల ముందు వచ్చే ఒక వార్త పొరుగు దేశపు వంటింట్లో ఏం చేస్తుందో ఈ వీధిలోనే అర్థమవుతుంది.

కూరగాయల బేరం మాత్రం ఇప్పుడు ఇక్కడ కనిపించదు. దశాబ్దాలపాటు పెట్టాలో నడిచిన మానింగ్ మార్కెట్‌ను 2020 చివర్లో ఊరి శివారులోని పెలియగొడకు తరలించారు. ట్రాఫిక్ తగ్గింది, లారీలకు చోటు దొరికింది. పాత పుస్తకాల్లో చదివి ఆ సందడి కోసం వచ్చేవాళ్లకు మాత్రం నిరాశే.

ఎర్ర మసీదు, చెట్టియార్ల గుడి, ఆంటోనీ చర్చి

రెండో క్రాస్ స్ట్రీట్‌లో ఎర్ర, తెల్ల చారలతో మిఠాయి ముక్కలా కనిపించే జామి ఉల్ అల్ఫర్ మసీదు పెట్టాకు గుర్తు. దక్షిణ భారతం నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారం చేసిన ముస్లింలు 1908లో పని మొదలుపెట్టి మరుసటి ఏడాది పూర్తి చేశారు. ఎత్తయిన భవనాలు రాకముందు రేవుకు వచ్చే ఓడలకు దీని గుమ్మటాలే ఆనవాలుగా ఉండేవని చెబుతారు. నమాజు లేని వేళల్లో, ఒళ్లు పూర్తిగా కప్పే బట్టలతో వెళ్తే లోపలికి రానిస్తారు. బయట సందు ఇరుకు కాబట్టి మసీదు మొత్తం కెమెరాలో పట్టదు.

అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే సీ స్ట్రీట్. బంగారం దుకాణాల మధ్య రెండు కదిరేశన్ కోవెలలున్నాయి. వడ్డీ వ్యాపారం కోసం తమిళనాడు నుంచి వచ్చిన నాట్టుకోట్టై చెట్టియార్లవి. ఆడి మాసంలో ఇక్కడి నుంచే వేలాయుధం రథంపై బయల్దేరుతుంది. ఇంకొంచెం ముందుకు వెళ్తే కొచ్చికడలో సెయింట్ ఆంటోనీ చర్చి. మంగళవారం నాడు అక్కడ మోకరిల్లేవాళ్లలో బౌద్ధులు, హిందువులు కూడా ఉంటారు.

ఈ కలివిడితనాన్ని చూసి మురిసిపోవడం తేలికే. కానీ ఈ వీధులు రెండు పెద్ద గాయాలు చూశాయి. 1983 జులైలో కొలంబో అంతటా తమిళుల ఇళ్లు, దుకాణాలు తగలబెట్టినప్పుడు పెట్టాలోని తమిళ వ్యాపారాలు కూడా కాలిపోయాయి. చాలామంది తమిళులు దేశం విడిచిపోయారు, అంతర్యుద్ధం అక్కడి నుంచే ముదిరింది. 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం ఉదయం ఆంటోనీ చర్చిలో ఆత్మాహుతి బాంబు పేలింది. ఆ రోజు కొలంబో హోటళ్లలో, ఇతర చర్చిల్లో జరిగిన దాడులతో కలిపి 250 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు పలుచోట్ల ముస్లింల దుకాణాలపై దాడులు జరిగాయి, కొనుగోళ్లు మానేయాలన్న పిలుపులూ వచ్చాయి. చర్చిని మాత్రం రెండు నెలలలోపే, జూన్‌లో, తిరిగి తెరిచారు.

అంత జరిగినా పేట విడిపోలేదు. అందుకు మంచితనం ఒక్కటే కారణమని చెప్పలేం. ముస్లిం దిగుమతిదారు తెచ్చిన సరుకు తమిళ టోకు వ్యాపారి ద్వారా సింహళ గ్రామాల చిల్లర దుకాణాలకు చేరాలి. అందులో ఒక లంకె తెగితే మిగతా ఇద్దరూ నష్టపోతారు. ఈ అవసరమే ఎన్నో ప్రకటనల కన్నా గట్టిగా నిలిచింది.

మూడో దెబ్బ బాంబు వల్ల పడింది కాదు. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆపేస్తున్నట్టు శ్రీలంక ప్రకటించింది. డాలరుకు 200 దగ్గరున్న ఆ దేశపు రూపాయి కొద్ది వారాల్లో 360 దాకా పడిపోయింది. సెప్టెంబరు నాటికి ద్రవ్యోల్బణం 70 శాతం అంచుకు చేరింది. డాలర్లు లేక తిండి సరుకుల కంటైనర్లు రేవులోనే ఆగిపోయాయి. పెట్టా బతికేదే దిగుమతుల మీద కాబట్టి రేవు పక్కనే ఉండీ దుకాణాలు వెలవెలబోయాయి. ఆ రోజుల్లో భారత్ దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం అందించింది.

సాయంత్రానికి గాల్ ఫేస్

పెట్టా నుంచి ఆటోలో కొద్ది నిమిషాల్లో చేరే గాల్ ఫేస్ గ్రీన్ సముద్రం ఒడ్డున పొడుగ్గా సాగే మైదానం. 1859లో గవర్నర్ హెన్రీ వార్డ్ కాలంలో ప్రజల షికారు కోసం రూపుదిద్దింది. 2022లో ఇక్కడే యువత గుడారాలు వేసి ‘గోటా గో గామ’ అని పేరు పెట్టారు. గామ అంటే గ్రామమే. ఆ జులైలో అధ్యక్షుడు గోటబయ రాజపక్స దేశం విడిచిపోయారు. ఇప్పుడు అక్కడ గాలిపటాలు, పిల్లలు, బళ్ల మీద ఇస్సో వడె. పప్పు వడపైన రొయ్యలు గుచ్చి వేయించి, ఉల్లి, కారం సాసుతో ఇస్తారు. ఒకటితో ఆగేవాళ్లు తక్కువ. రొట్టెను ఇనుప రేకులతో టకటకా ముక్కలు చేసి వేయించే కొత్తు దుకాణాలు కూడా చుట్టుపక్కలే ఉంటాయి. మైదానం పక్కనే సముద్రాన్ని పూడ్చి చైనా పెట్టుబడితో లేపిన 269 హెక్టార్ల పోర్ట్ సిటీ కనిపిస్తుంది.

రెండో రోజు పొద్దున్నే ఫోర్ట్ చూడొచ్చు. పదిహేడో శతాబ్దపు డచ్చి ఆసుపత్రి ఇప్పుడు హోటళ్లు, దుకాణాల సముదాయం. భవనం బాగుంది, ధరలు ఎక్కువ. దానికన్నా తెలుగువారు ఆగాల్సింది సీలింకో హౌస్ ఆవరణలోని చిన్న గది దగ్గర. కాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహను 1815లో పట్టుకున్నాక ఇక్కడ బంధించారని చెబుతారు. ఆయన నాయక వంశీకుడు, మదురై వైపు మూలాలున్న కుటుంబం. ఆ ఆస్థానంలో తమిళంతోపాటు తెలుగూ వినిపించేది. తర్వాత ఆయనను వేలూరు కోటకు పంపారు, 1832లో అక్కడే మరణించారు. ఆయన సింహాసనం, కిరీటం 1877లో మొదలైన కొలంబో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. తెలుగు మాట ఆ దీవిలో రాజులతో పోలేదు. పాములాడించే సంచార జాతి అహికుంటికలు ఇప్పటికీ ఒక రకం తెలుగు మాట్లాడతారు, కాకపోతే వాళ్ల ఊళ్లు కొలంబోకు దూరం.

అదే మ్యూజియంలో గాలె త్రిభాషా శాసనం తప్పక చూడాలి. చైనా నౌకాధిపతి జెంగ్ హే తెచ్చిన ఈ రాయిపై 1409 నాటి రాత ఉంది. చైనా భాషలో బుద్ధుణ్ని, తమిళంలో విష్ణువును, పర్షియన్‌లో అల్లాను స్తుతిస్తుంది. ఎవరి దేవుడికి వారి భాషలో దండం పెట్టి వ్యాపారానికి దిగడం అన్నమాట. దగ్గరలోని బైరా చెరువులో జెఫ్రీ బావా రూపొందించిన సీమ మలక ఉంది. ఈ బౌద్ధ ధ్యాన మందిరానికి డబ్బిచ్చింది ఒక ముస్లిం వ్యాపారి, చనిపోయిన కొడుకు జ్ఞాపకార్థం.

కొనేముందు

పెట్టాకు ఉదయం తొమ్మిది, పది మధ్య వెళ్లడం మేలు. ఆదివారం టోకు దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. పౌర్ణమి నాడు, అంటే ‘పోయ’ రోజున, దేశమంతా సెలవే. మద్యం అమ్మరు. టికెట్లు తీసుకునేముందు పంచాంగం చూసుకోకపోతే రెండు రోజుల్లో ఒకటి పోయినట్టే. వీసా నిబంధనలు ఈమధ్య పలుమార్లు మారాయి కాబట్టి ప్రభుత్వ వెబ్‌సైట్ చూసుకోవడం మంచిది.

ధర విని ముందు ఉలిక్కిపడటం మామూలే. మన రూపాయికి వాళ్ల రూపాయలు దాదాపు మూడున్నర వస్తాయని గుర్తు చేసుకుంటే కుదుటపడొచ్చు. ‘కీయద?’ అంటే సింహళంలో ‘ఎంత?’ అని. పెట్టాలో తమిళం కూడా బాగా నడుస్తుంది. కొనదగ్గది దాల్చినచెక్క. మన బజారులో తరచూ దొరికే మందపాటి కేసియాలా కాకుండా, పలుచని పొరలు చుట్టుకుని చుట్టలా ఉంటుంది, వేళ్లతోనే నలుగుతుంది. టీ పొడి పొట్లంపై టీ బోర్డువారి సింహం గుర్తు ఉంటే అది పూర్తిగా సిలోన్ టీయే అని, అక్కడే ప్యాక్ చేశారని అర్థం.

రత్నాల విషయంలో జాగ్రత్త అవసరం. గాల్ ఫేస్ దగ్గర ఎవరో ఒకరు మాట కలిపి, ఇవాళ గుడిలో ఏనుగుల ఉత్సవం ఉందనీ, రత్నాలు ఇవాళొక్కరోజే తగ్గింపు ధరకు ఇస్తున్నారనీ చెప్పి ఆటో ఎక్కిస్తే, అది చాలా పాత మోసం. ఆటోకు మీటరున్నది ఎక్కాలి, లేదా పిక్‌మీ యాప్‌లో పిలవాలి. యాభై ఏళ్లు దాటిన పాత వస్తువులను అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

విమానాశ్రయం ఉత్తరాన 30 కిలోమీటర్లకు పైగా దూరంలో కటునాయకెలో ఉంది. ఎక్స్‌ప్రెస్‌వేపై త్వరగానే చేరవచ్చు. ఇంకా గంటన్నర మిగిలితే ఫోర్ట్ రైల్వే స్టేషన్‌లో దక్షిణం వైపు వెళ్లే లోకల్ ఎక్కవచ్చు. బంబలపిటియ, వెల్లవత్త దాకా పట్టాలు అలలకు పక్కనే సాగుతాయి. పేరు ఫోర్టే గానీ, ఆ స్టేషన్ ఉన్నది పెట్టాలో.