గ్రామసభ, వార్డు, నివాస సంఘం: స్థానిక సంస్థలలో నివాసుల ప్రాతినిధ్యం

చిత్తూరు జిల్లా రామకుప్పం గ్రామ పంచాయతీలో ఓటరుగా నమోదైన ప్రతి వ్యక్తీ చట్టరీత్యా గ్రామసభ సభ్యుడే. ఇందుకు దరఖాస్తు గాని, చందా గాని, ఎవరి సిఫారసు గాని అవసరం లేదు. అదే నియోజకవర్గ కేంద్రమైన కుప్పం పట్టణంలోని ఓటరుకు ఇటువంటి సభ లేదు. మదనపల్లె, పుంగనూరు పట్టణాలలోనూ పరిస్థితి ఇంతే. స్థానిక పాలనలో నివాసుల ప్రాతినిధ్యాన్ని పరిశీలించేవారు ముందుగా గమనించవలసిన వ్యత్యాసం ఇది.

గ్రామసభకు రాజ్యాంగ గుర్తింపు 73వ సవరణ ద్వారా లభించింది. ఈ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దానికి అనుగుణంగా రూపొందిన 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం వార్షిక జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, గత సంవత్సరపు పరిపాలన నివేదిక, చేపట్టదలచిన పనులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు గ్రామసభ ముందు ఉంచవలసి ఉంటుంది. సభ సూచనలను పంచాయతీ తగు విధంగా పరిగణించాలని మాత్రమే చట్టం పేర్కొన్నది. వాటికి తప్పక కట్టుబడి ఉండాలని అనలేదు. అయినప్పటికీ లెక్కలు అడిగే హక్కు ఓటరుకు నేరుగా దక్కడం స్వల్ప విషయం కాదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 గ్రామ పంచాయతీలలో ఒకే రోజున గ్రామసభలు నిర్వహించి, ఉపాధి హామీ పనులపై తీర్మానాలు చేశారు.

పంచాయతీ సభ్యుల సంఖ్య జనాభాను బట్టి 5 నుండి 21 వరకు ఉంటుంది. ఒక్కొక్క వార్డు నుండి ఒక్కొక్క సభ్యుడు ఎన్నికవుతాడు. సర్పంచ్‌ను గ్రామ ఓటర్లందరూ నేరుగా ఎన్నుకుంటారు. వార్డుల జనాభా సాధ్యమైనంతవరకు సమానంగా ఉండాలన్నది రాజ్యాంగ నియమం. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులను ఆనుకొని ఉన్న కుప్పం ప్రాంతంలో పంచాయతీ కేంద్రానికి దూరంగా చిన్న చిన్న పల్లెలు ఉన్నాయి. ఇటువంటి పల్లె పొరుగు పల్లెతో కలిసి ఒకే వార్డు అయినప్పుడు, తక్కువ ఓట్లున్న పల్లెకు సొంత సభ్యుడు లేకుండా పోయే అవకాశం ఉన్నది. అటువంటి వారు తమ మాట స్వయంగా చెప్పుకోగల వేదిక గ్రామసభే.

రిజర్వేషన్ల విషయంలో రెండు నిర్ణయాలు ప్రధానమైనవి. స్థానిక సంస్థలలో మహిళలకు మూడవ వంతుగా ఉన్న స్థానాలను 2011లో సగానికి పెంచారు. మొత్తం 59.85 శాతం రిజర్వేషన్లతో జారీ అయిన ఉత్తర్వును 2020 మార్చి 2న హైకోర్టు కొట్టివేసింది. 50 శాతం పరిమితిని సుప్రీంకోర్టు 2010లోనే స్పష్టం చేసి ఉండడం ఇందుకు ఆధారం. దానితో వెనుకబడిన తరగతుల వాటా 34 నుండి 24.15 శాతానికి తగ్గింది. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి.

పట్టణాల సంగతి వేరు. 2021 ఎన్నికల నాటికి మదనపల్లెలో 35, పుంగనూరులో 31, కుప్పంలో 25 వార్డులు ఉన్నాయి. 74వ సవరణ ద్వారా చేరిన 243-ఎస్ అధికరణం 3 లక్షలు, అంతకు మించి జనాభా గల పట్టణాలలోనే వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. ఈ మూడు పట్టణాలూ ఆ పరిమితికి లోబడినవే. కుప్పం ఉదాహరణ మరింత స్పష్టమైనది. కుప్పం పంచాయతీతో పాటు చుట్టుపక్కల గ్రామాలు పురపాలక సంఘంలో కలిశాయి. దాని తొలి ఎన్నికలు 2021 నవంబరులో జరిగాయి. ఆ గ్రామాల ఓటర్లకు వార్డు కౌన్సిలర్ లభించారు గాని, అంతవరకు ఉన్న గ్రామసభ సభ్యత్వం లేకుండా పోయింది. పట్టణ హోదా గురించిన చర్చలలో ఈ అంశం ఎందుచేతనో అరుదుగా వినిపిస్తుంది.

ఈ లోటును కొంతవరకు నివాస సంఘాలు పూరిస్తున్నాయి. 1997 డిసెంబరు 1న ప్రారంభమైన స్వర్ణజయంతి షహరీ రోజ్‌గార్ యోజనలో బస్తీ మహిళలతో పొరుగు బృందాలు, వాటిపై పొరుగు కమిటీలు, పట్టణ స్థాయిలో సమాజాభివృద్ధి సంఘాలు ఏర్పాటు చేసే విధానం ఉండేది. బృందానికి సుమారు 10 నుండి 40 కుటుంబాలు. 2013లో ఆ పథకం స్థానే జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ వచ్చింది.

కాలనీ సంక్షేమ సంఘాలు ఈ కోవకు చెందవు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద 7 గురు కలిసి సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. సభ్యత్వ నియమాలు సంఘం నిబంధనావళిలో ఉంటాయి. ఇంటి యజమానులకే సభ్యత్వమని వ్రాసుకున్న చోట అద్దెకున్నవారి మాటకు స్థానం లేదు. కాలనీ అంచున గుడిసెలలో ఉన్నవారి సంగతి చెప్పనక్కరలేదు. కనుక అటువంటి సంఘం ఇచ్చే వినతిపత్రాన్ని స్వీకరించే అధికారి, అది సభ్యుల అభిప్రాయమే గాని కాలనీ అంతటి తీర్మానం కాదని గుర్తించవలసి ఉంటుంది.

2005 డిసెంబరులో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ మిషన్, సామాజిక భాగస్వామ్య చట్టాన్ని రాష్ట్రాలకు ఒక షరతుగా విధించింది. ఒకటి లేదా కొన్ని పోలింగ్ కేంద్రాల పరిధిలోని ఓటర్లందరితో ఏరియా సభ, దానిపై వార్డు కమిటీ అన్నది కేంద్రం సూచించిన నమూనా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇందుకై పురపాలక చట్టాలను సవరించింది. గ్రేటర్ హైదరాబాదులో వార్డు కమిటీలు ఏర్పడ్డాయి. ఏరియా సభకు ఓటరు జాబితాయే ప్రాతిపదిక గనుక అద్దెకున్నవారికీ, గుడిసెలలో ఉన్నవారికీ అందులో చోటుంటుంది. 3 లక్షల లోపు జనాభా గల పట్టణాలకు సైతం కమిటీలు ఏర్పాటు చేసే అధికారాన్ని 243-ఎస్ అధికరణం ఐదవ ఖండం రాష్ట్ర శాసనసభకు విడిచిపెట్టింది.