వాత శిక్ష

కాల్చిన ఇనుప ముద్రతో మనిషి ఒంటిమీద చెరగని గుర్తు వేయడం వాత శిక్ష. నేరస్థుణ్ని నలుగురూ గుర్తుపట్టడానికీ, బానిస ఎవరి సొత్తో తెలపడానికీ అనేక దేశాల్లో దీన్ని అమలు చేశారు. కొన్నిచోట్ల వాతకు బదులు పచ్చబొట్టు పొడిచేవారు. వైష్ణవులు దీక్షలో భాగంగా భుజాలపై వేయించుకునే శంఖచక్ర ముద్రలు శిక్ష కావు, వాటిని భక్తులు కోరి వేయించుకుంటారు.

ప్రాచీన కాలం

క్రీ.పూ. 18వ శతాబ్దపు బాబిలోనియా రాజు హమ్మురాబి శాసనం, యజమానికి తెలియకుండా బానిస గుర్తును తొలగించిన మంగలికి చెయ్యి నరకాలంది. రోమన్లు పారిపోయి దొరికిన బానిసల నుదుటిపై గుర్తు వేసేవారు. 4వ శతాబ్దం మొదట్లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి దోషుల ముఖంపై ముద్రలను నిషేధించాడు. అయితే చేతులపైనా పిక్కలపైనా వేయవచ్చన్నాడు.

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం మహాపాతకుల నుదుటికి వేర్వేరు గుర్తులు విధించింది: దొంగతనానికి కుక్కపాదం, సురాపానానికి మద్యం దుకాణపు చిహ్నం, బ్రహ్మహత్యకు తలలేని మొండెం. కౌటిల్యుని అర్థశాస్త్రంలోనూ ఇలాంటి గుర్తులే కనిపిస్తాయి.

ఐరోపా, బానిస వ్యాపారం

ఇంగ్లాండులో 1547 నాటి చట్టం పనిచేయకుండా తిరిగేవారి రొమ్ముపై 'వి' అక్షరం వేసి రెండేళ్లు బానిసలుగా అప్పగించమంది. 1699లో దొంగల బుగ్గపై వాత పెట్టాలని అక్కడే మరో చట్టం వచ్చింది. ముఖంపై మచ్చ ఉన్నవారికి ఎవరూ పని ఇవ్వకపోవడంతో వారు మరింత తెగించారు. అందువల్ల కొన్నేళ్లకే ఆ నిబంధనను ఎత్తివేశారు.

ఫ్రాన్సు 1685లో తన వలసల కోసం చేసిన 'కోడ్ న్వార్' చట్టం ప్రకారం, నెలరోజులు పరారీలో ఉన్న బానిసకు చెవులు కోసి, భుజంపై రాజచిహ్నమైన లిల్లీ పువ్వు ముద్ర వేసేవారు. ఆఫ్రికన్లను అట్లాంటిక్ దాటించిన వ్యాపార కంపెనీలు సరుకు మూటలకు వేసినట్టే వారి ఒంటిపైనా తమ ముద్రలు వేశాయి. బానిసలపై ముద్రలను స్పెయిన్ 1784లో రద్దు చేసింది. నేరస్థులపై వాతలను ఫ్రాన్సు 1832లో మానేసింది.

వలస పాలనలో భారతదేశం

ఈస్టిండియా కంపెనీ పాలనలో యావజ్జీవ ఖైదీల నుదుటిపై పేరు, నేరం, శిక్ష పడిన తేదీ పచ్చబొట్టుగా పొడిచేవారు. దీన్ని 'గోద్నా' అనేవారు. బెంగాల్‌తోపాటు, నాటి కోస్తాంధ్ర భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఇది అమలైంది. ఆ రాత కనబడకుండా ఖైదీలు జుట్టు పెంచుకునేవారు, తలపాగా కిందికి దించి కట్టేవారు. 1849 చట్టంతో ఇది రద్దయింది.

ముగింపు దశ

రష్యా 1863లో, జపాన్ 1870లో, చైనా 1905లో ఇలాంటి శిక్షలను తొలగించాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆష్విట్జ్ శిబిరంలో నాజీలు ఖైదీలకు అంకెల పచ్చబొట్లు పొడిచి ఈ పద్ధతిని మళ్లీ తెచ్చారు. నేరస్థులను గుర్తించే పని క్రమంగా ఫొటోలకూ వేలిముద్రలకూ మారింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల విభాగం ఏర్పడింది. శిక్షాకాలం ముగిసినా మనిషిని వదలని శిక్ష కావడమే వాతలోని అసలు అన్యాయం.