వ్రేళ్ళకు అక్షరాభ్యాసము

కళుగుమలై కొండపై చెక్కిన జైన ప్రతిమలను చూచినవారు వాని క్రిందనున్న చిన్న శాసనములను గూడ గమనించియుందురు. అవి వేయి సంవత్సరములకు పైబడిన వట్టెళుత్తు వ్రాతలు. భాష తమిళమే, అయినను నేటి తమిళులలో వానిని చదువగలవారు అరుదు. చోళులు పాండ్యదేశమును గెలిచిన పిదప నేటి తమిళ లిపికి మూలమైన వ్రాత వ్యాపించి, వట్టెళుత్తు క్రమముగా చేతి వాడుక తప్పినది. భాష బ్రతికియుండగనే లిపి పోవచ్చునని ఆ బండయే సాక్ష్యము చెప్పుచున్నది. ఇంట తెలుగు మాటాడుచు, బడిలో తమిళము చదువుకొన్న మన కుటుంబములకు ఈ సంగతి పరాయిది కాదు.

ఈ సీమలో తెలుగక్షరమునకు ఒకప్పుడు చేతుల కొరత లేదు. కళుగుమలై ఎట్టయాపురము సంస్థానములోనిది. ఆ ఎట్టయాపురమున, సంస్థానాధిపతుల ప్రాపున, 1904లో సుబ్బరామ దీక్షితులవారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో అచ్చయినది. వేయి పుటలకు మించిన గ్రంథము. స్వరములకు తోడు గమక చిహ్నములు. ఇట్టి పుటలను అక్షరమక్షరముగా కూర్చిన కంపోజిటర్ల ఓర్పును తలచుకొనుడు. ఏ గడిలో ఏ అక్షరమున్నదో వారి చేతికి తెలిసియుండవలెను. ప్రతి అక్షరమునకు కన్ను వెదకుచుండినచో అట్టి గ్రంథము ఒక తరములో ముగియదు. 1961 మొదలు మద్రాసు మ్యూజిక్ అకాడమీవారు దానినే తమిళ లిపిలో ప్రకటింపసాగిరి. అది మెచ్చదగిన పనియే; పాడువారికి గ్రంథము చేరవలెను గదా! కాని ఆ గ్రంథము పుట్టిన సీమలోని తెలుగువారిలో మూలమును చదువగలవారెందరు?

కంపోజిటరు చేతిలోని విద్యయే టైపురైటరు వద్ద మరియొక రూపము దాల్చెను. 1888లో అమెరికాలోని సిన్సినాటి నగరమున ఒక పోటీ జరిగెను. ఫ్రాంక్ మెక్‌గరిన్ అను కోర్టు లేఖకుడు మీటల వంక చూడక, అన్ని వ్రేళ్ళతోను కొట్టి, చూచి కొట్టు లూయీ ట్రాబును ఓడించెను. మన పట్టణములలోని టైపు ఇన్‌స్టిట్యూట్లు నేర్పినది ఆ పద్ధతియే. 1955లో గోద్రెజ్ వారి స్వదేశీ యంత్రము వచ్చినది. జూనియరు పరీక్షకు నిమిషమునకు 30 మాటలు, సీనియరునకు 45 మాటలు. ఆ సర్టిఫికెట్టుతో కచేరీ ఉద్యోగము సంపాదించి ఇల్లు నిలిపినవారు మనలో లేకపోలేదు. అయితే ఉద్యోగము ఇంగ్లీషునను తమిళమునను ఉండుటచే సాధన కూడ ఆ భాషలకే చెల్లినది. తెలుగు టైపురైటరు అంత సులువైన యంత్రమును కాదు. ఒత్తులను, గుడి కొమ్ములను ఉన్నచోటనే తగిలించుటకు బండి కదలని మీటలను ప్రత్యేకముగా అమర్చవలసివచ్చెను.

కంప్యూటరు ఆ చిక్కును తీర్చినది. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ‘ఇన్‌స్క్రిప్టు’ అను మీటల అమరికను ప్రకటించినది. ఇందు గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు చాలమట్టుకు కుడిచేతికి వచ్చును. మనకు ముఖ్యమైన విశేషమేమనగా, తమిళ ‘క’ ఏ మీటపై నున్నదో తెలుగు ‘క’ అదే మీటపై నుండును. ర, ప, త, చ లును అట్లే. ‘తిరుపతి’ అను మాటను తెలుగున గాని, నడుమ ఒత్తు చేర్చి తమిళమున గాని, వ్రేళ్ళు మధ్య వరుస దాటకనే కొట్టవచ్చును. రెండు భాషల నడుమ బ్రతుకు మనవంటివారి కొరకే చేసినట్లున్నది! 1999లో తమిళనాడు ప్రభుత్వము ఆమోదించిన ‘తమిళ్ 99’ అమరిక వేరు. దానికి అలవాటుపడినవారు కొంత శ్రమపడవలెను.

మనవారిలో కొందరు తెలుగును తమిళ లిపిలోనే వ్రాసికొందురు. అప్పుడు కాలి, గాలి యొక్కటే యగును. పాట, బాట యొక్కటే యగును. ఇంగ్లీషు అక్షరములు కొట్టి యంత్రముచే తెలుగు చేయించుకొను పద్ధతి కొంత మేలు గాని, మనస్సు ఇంగ్లీషు వర్ణక్రమమునే వల్లించుచుండును.

సాధన మాటకు వత్తము. 1978లో బాడ్లీ, లాంగ్‌మన్ అను పరిశోధకులు బ్రిటిషు తపాలా ఉద్యోగులకు మీటల పని నేర్పించి చూచిరి. దినమునకొక గంట నేర్చినవారు, దినమునకు నాలుగు గంటలు నేర్చినవారికంటె మొత్తము మీద తక్కువ గంటలలోనే నేర్చిరి. దినములు మాత్రము ఎక్కువ పట్టినవి. వింత యేమనగా, ఆ గంటవారికే తమ శిక్షణ యెడల తృప్తి తక్కువ! అంతకు మునుపే, 1897లో, బ్రయన్, హార్టర్ అనువారు తంతి ఉద్యోగులను పరిశీలించి, నేర్చువాని వేగము కొంతకాలము పెరుగక నిలిచి మరల పెరుగునని చూపిరి. విడి యక్షరములు పట్టుకొనువాడు మాటలను మాటలుగా పట్టుకొనుట నేర్చుకొను కాలమది. టైపు మానివేయువారు తరచుగా ఈ ఘట్టముననే మానుదురు.

కావున దినమునకొక అరగంట చాలును. మీటలపై గుడ్డ కప్పియైనను చూడకుండ కొట్టవలెను. తప్పు లేకుండుట ముందు, వేగము తరువాత. అభ్యాసమునకు అర్థములేని అక్షరమాల లెందుకు? ఇంటిపేర్లు, ఊరిపేర్లు, వరుసలు మొదట కొట్టవచ్చును. పిదప అమ్మమ్మలు పాడు పెండ్లిపాటలు, లాలిపాటలు. అవి ఇంతవరకు ఏ లిపిలోను ఎక్కనివి పెక్కు గలవు. ఆమె పాడుచుండగా మనుమరాలు దినమునకు నాలుగు పంక్తులు కొట్టినచో, మొదటి పాట ముగియుసరికి ఒత్తుల మీట వ్రేలికి తెలిసిపోవును.