యాభై సీసీ పందేలు: చిన్న ఇంజన్‌కు గీసిన హద్దులు

యాభై సీసీ తరగతి, అంటే పిస్టన్ ఒక చివర నుంచి మరో చివరకు కదిలేటప్పుడు ఆక్రమించే పరిమాణం 50 ఘన సెంటీమీటర్లకు మించని ఇంజన్ల పందేలు, రెండో ప్రపంచయుద్ధం తరువాత ఐరోపాలో చౌక వాహనాలుగా వ్యాపించిన మోపెడ్ల నుంచి పుట్టాయి. ఇటలీలో తయారైన ఈటమ్ వంటి బండ్లను కొద్దిపాటి మార్పులతో బరిలోకి దించగలిగిన సామాన్యునికి పందెం అందుబాటులోకి వచ్చింది.

అయితే 1962లో అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఈ తరగతికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ హోదా ఇచ్చినప్పుడు సిలిండర్లకూ గేర్లకూ సంఖ్యాపరిమితి విధించకపోవడం పెద్ద లొసుగైంది. అతిచిన్న రేసు ఇంజన్ ఇరుకైన వేగపరిధిలో మాత్రమే శక్తినిస్తుంది కనుక, దానిని ఆ పరిధిలోనే నిలపడానికి అనేక గేర్లు కావాలి. అదే పరిమాణాన్ని రెండు సిలిండర్లకు పంచితే పిస్టన్లు తేలికై ఇంజన్ మరింత వేగంగా తిరుగుతుంది. హోండా జంట సిలిండర్ల యంత్రం నిమిషానికి 20,000 చుట్లు దాటగా, సుజుకి 1967లో 14 గేర్ల బండిని నడిపింది. హోండాయే ప్రజలకు అమ్మిన ఒంటి సిలిండర్ సీఆర్110 కొనుక్కున్న స్వతంత్ర పోటీదారునికి ఆ వరుసలో చోటెక్కడ?

1969 నుంచి సమాఖ్య ఈ తరగతిని ఒక సిలిండర్‌కూ ఆరు గేర్లకూ పరిమితం చేసింది. ఖర్చుపై కాక నిర్మాణంపై ఆంక్ష పెట్టడం తెలివైన పనే. ఖాతాలను దాచవచ్చు గాని, విప్పి చూపవలసిన ఇంజన్‌లో అదనపు సిలిండర్‌ను దాచలేరు. ఈ కొత్త నిబంధనల కింద స్పెయిన్‌కు చెందిన డెర్బీ బండిపై ఆంఖెల్ నియెటో 1969, 1970లలో విజేత అయ్యాడు. 1984లో 80 సీసీ తరగతి ఈ యాభై సీసీ తరగతి స్థానాన్ని ఆక్రమించి, 1989 వరకు కొనసాగింది.