ఎత్తి వ్రాసే పరిచర్య



వానలు మొదలయ్యే ముందు మన సంఘంలోని ఒక సహోదరి, పాత చీర ముక్కలో చుట్టిన వీడియో క్యాసెట్ తెచ్చి మా చేతిలో పెట్టింది. "అయ్యగారూ, మా నాన్న సాక్ష్యం చెప్పిన క్రిస్మస్ ఇందులో ఉంది. ఆయన గొంతు మా పిల్లలు ఒక్కసారైనా వినాలి" అంది. ఆమె తండ్రి ప్రభువునందు నిద్రించి చాలా ఏళ్లయింది. క్యాసెట్ మూత ఎత్తి చూస్తే టేపు అంచున తెల్లటి బూజు. ఆ రాత్రి మాకు సామెతలు 25వ అధ్యాయం మొదటి వచనం గుర్తుకు వచ్చింది.

ఆ వచనాన్ని మనం చదివి దాటిపోతుంటాం. సొలొమోను సామెతలను, ఆయన కాలం గడిచి రెండు వందల ఏళ్లు దాటాక, యూదా రాజైన హిజ్కియా మనుషులు ఎత్తి వ్రాశారని అక్కడ ఉంది. వాళ్ల పేర్లు లేవు. వాళ్లు సొంతంగా ఒక్క సామెతా చెప్పలేదు. ఉన్నదానిని జాగ్రత్తగా ఇంకొక చుట్టలోకి ఎక్కించారు. 25 నుండి 29 వరకు అధ్యాయాలు ఆ పేరులేని చేతుల మీదుగానే మనకు వచ్చాయి.

ఎత్తి వ్రాయని వ్రాత ఏమవుతుందో మన తెలుగు బైబిలు చరిత్రలోనే ఉంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1732 నాటికే బైబిలును తెలుగులోకి తెచ్చాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. విశాఖపట్నంలో మొదలైన మరొక అనువాదం ద్వారా తెలుగు సువార్తలు 1812లో అచ్చయ్యాయి. మధ్యలో ఎనభై ఏళ్లు. పని జరిగింది, కానీ జనం చేతికి అందలేదు.

వీడియో టేపు చరిత్ర అంత పాతది కాదు. 1956లో అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ టెలివిజన్ కేంద్రాల కోసం రికార్డర్ తెచ్చింది. దాని టేపు వెడల్పు రెండు అంగుళాలు. 1976లో జపాన్‌లో జేవీసీ కంపెనీ ఇళ్లలో వాడే వీహెచ్‌ఎస్‌ను విడుదల చేసింది. టేపు అర అంగుళానికి తగ్గింది. 1980లలో కెమెరా, రికార్డర్ ఒకే పెట్టెలో ఇమిడిపోయి క్యామ్‌కార్డర్ అయింది. అలా అది మన పల్లెల దాకా వచ్చింది. భుజం మీద కెమెరా, పక్కన కళ్లు చెదిరే లైటు పట్టుకున్న కుర్రవాడు, లైటు పడగానే తలవంచుకునే అమ్మలు మీకు గుర్తుండే ఉంటారు. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, క్రిస్మస్ నాటకాలు అన్నీ ఆ క్యాసెట్లలోకి వెళ్లాయి.

మూడు గంటల క్యాసెట్‌లో దాదాపు పావు కిలోమీటరు టేపు ఉంటుంది. పలుచని ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పొడిని ఒక జిగురుతో అంటిస్తారు. బొమ్మ, మాట ఆ పొడిలో అయస్కాంత గుర్తులుగా ఉంటాయి. తేమ తగిలితే జిగురు మెత్తబడుతుంది, బూజు పడుతుంది. బీరువాలో కదలకుండా ఉన్నా టేపు పాడవుతూనే ఉంటుంది.

అందుకే ఆ క్యాసెట్‌ను వెంటనే వీసీఆర్‌లో పెట్టలేదు. బూజు పట్టిన టేపు యంత్రపు హెడ్‌ను పాడుచేస్తుంది, తరువాత పెట్టే క్యాసెట్‌కూ అంటుకుంటుంది. కొన్ని రోజులు పొడిచోట ఆరనిచ్చి, అయిదు మరలు విప్పి, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయట మెత్తని బట్టతో తుడిచాం. చక్రాలను శుభ్రమైన మరో క్యాసెట్ డొప్పలోకి మార్చాం. వీసీఆర్ నుండి పసుపు వైరు బొమ్మకు, ఎరుపు, తెలుపు వైర్లు శబ్దానికి, ఒక చిన్న క్యాప్చర్ పరికరం ద్వారా కంప్యూటర్‌కు కలిపాం. ఇందులో తొందరపాటు కుదరదు. రెండు గంటల రికార్డింగు ఎక్కడానికి రెండు గంటలూ కూర్చోవాలి. తరువాత దానిని ఎంపెగ్-2 పద్ధతిలోకి మార్చి, 4.7 జీబీల డీవీడీ మీద రాశాం.

మధ్యలో కొంతసేపు తెర మీద గీతలే వచ్చాయి. ఆ భాగం ఇక రాదు. కానీ సాక్ష్యం నిలిచింది. తాగుడు మానిన సంగతి ఆ పెద్దాయన తన మాటల్లో చెప్పుకుంటూ పోయాడు. తాతను ఎన్నడూ చూడని మనవడు కంప్యూటర్ దగ్గరకు జరిగి, "అచ్చం మామయ్య గొంతే" అన్నాడు. ఆ సహోదరి మాట్లాడలేకపోయింది.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మన మందిర ప్రతిష్ఠ క్యాసెట్ మా దగ్గరే ఉండేది. వాన కారే గదిలో ఇనుప పెట్టెలో పెట్టి, తరువాత చూద్దాంలే అనుకున్నాం. తెరిచేసరికి టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఆనాడు ప్రార్థించిన పెద్దలలో చాలామంది ఇప్పుడు లేరు. దాచిపెట్టడమే కాపాడటం అనుకున్నాం. అది సరికాదు.

డీవీడీ కూడా శాశ్వతం కాదు. ఇంట్లో రాసే డీవీడీలో ఉండే రంగుపొర ఎండకు, వేడికి చెడుతుంది. అందుకే ఇంకొక ప్రతి హార్డ్‌డిస్క్‌లో ఉంచాం. కొన్నేళ్లకు మళ్లీ ఎత్తి వ్రాయాలి. వీసీఆర్‌ల తయారీ 2016లో ఆగిపోయింది కాబట్టి, పనిచేసే యంత్రాలు ఉండగానే మన పని ముగించాలి.

ప్రియులారా, మీ ఇళ్లలో క్యాసెట్లు ఉంటే ఆడించి చూడకుండా ఆదివారం ఆరాధనకు తీసుకురండి. ఇంకొక మాట. మన మధ్య ఇంకా బ్రతికి ఉన్న వృద్ధుల సాక్ష్యాలు ఏ టేపులోనూ లేవు. ఈ వారమే వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి, ఫోన్‌లో రికార్డు చేయండి, మీ పిల్లలను కూడా వెంట తీసుకెళ్లండి. విశ్వాసం కూడా ఒక తరం నుండి ఇంకొక తరానికి కూర్చుని ఎక్కించవలసిందే. అందులోనూ తొందర పనికిరాదు, ఆలస్యమూ పనికిరాదు.

పేరు తెలియని హిజ్కియా మనుషుల వంటి నమ్మకత్వాన్ని ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.